ఫోను మోగాక నలభై నిమిషాలు

ఫోను మోగేసరికి దుర్గయ్య సద్దిగిన్నె మూత తీశాడు, ఇంకా చెయ్యి పెట్టలేదు. గుడిసె గోడకు వేలాడే ఆ నల్లడబ్బా నెలకు రెండుమూడు సార్ల కంటే మోగదు. ఎత్తి చెవికి ఆనించుకుంటే ప్రాజెక్టు ఆఫీసు గుమాస్తా ఎప్పుడూ చెప్పే ఒక్క ముక్కే చెప్పాడు. "నల్లమిట్టలో బయల్దేరింది." దుర్గయ్య గిన్నె మీద మూత పెట్టేసి బయటికొచ్చి, రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పట్టి కేక వేశాడు.

"లేసిందట! ఎత్తుండ్రి!"

అది 1970 వైశాఖం. హాలియాకు ఆరు మైళ్ళ అవతల, డ్యాము పనుల కోసం పదేళ్ళ కిందట వేసిన విమానాల బాట అది. ఉత్తరం నుంచి దక్షిణానికి సిమెంటు పరిచి ఉంటుంది. ఆరుగురు పట్టే చిన్న విమానంలో ఇంజనీర్లూ యంత్రాల సామానూ దిగేవి. ఆ విమానం వచ్చేది నల్లమిట్ట నుంచి. నల్లమిట్ట కృష్ణకు ఆవల, కొండల వెనక, ఇట్లాగే ఊరికి దూరంగా ఉన్న ఇంకొక బాట. గాలిలో తొంభై మైళ్ళు. బస్సులో అయితే మిర్యాలగూడ, కోదాడ, బెజవాడ, గుంటూరు చుట్టి రెండు వందల మైళ్ళ పైనే, ఒక పగలూ ఒక రాత్రీ. విమానానికి నలభై నిమిషాలు. దుర్గయ్య ఉద్యోగంలో చేరిన రోజు ఒక ఓవర్సియర్ చెప్పిన అంకె అది. రాతి మీద చెక్కిన అంకెను నమ్మినట్టు దాన్ని నమ్మాడు.

ఆ నేల ఒకప్పుడు దుర్గయ్య తండ్రి గొర్రెలు మేపిన బీడు. బీడు పోయింది, బదులుగా కాపలా ఉద్యోగం వచ్చింది. బాట మీదికి వచ్చే గొడ్లను తోలాలి. ఫోను రాగానే తడిగడ్డి అంటించి పొగ పెట్టాలి. పొగ ఎటు వాలితే గాలి అటు పోతున్నట్టు పైలట్‌కు తెలుస్తుంది. గడియారం ఇవ్వలేదు. అవసరమూ పడలేదు. ఎందుకంటే అతని గడియారం వడ్లు.

కాలువ నీళ్ళు వచ్చాక మిర్యాలగూడ మిల్లులకు వడ్లు ఆరబోసే జాగా చాలకుండా పోయింది. ఉడికించిన వడ్లు ఒక పూట ఎండ తప్పితే వాసన పట్టి పోతాయి. మిల్లు యజమాని కైలాసం సేటు ఈ బాటను చూశాడు. ఇంత చదునైన సిమెంటు కల్లం మూడు తాలూకాల్లో లేదు. ప్రాజెక్టు వాళ్ళతో ఏం మాట్లాడుకున్నాడో, బాట ఉత్తరపు సగం మీద బండ్ల కొద్దీ వడ్లు పరుచుకున్నాయి. పన్నెండు మంది ఆడవాళ్ళు పొద్దంతా కాళ్ళతో చాళ్ళు తీస్తూ వాటిని తిరగబెట్టేవారు. వాళ్ళలో దుర్గయ్య భార్య మైసమ్మ ఒకతె.

ఫోను మోగితే వడ్లు అంచులకు లాగి మనిషెత్తు కుప్పలు పోసి, టార్పాలిన్ పట్టాలు కప్పాలి. అది అయ్యాక ఇంకా కాసేపు మిగిలేది. ఆ కాసేపు ఆడవాళ్ళది. సిమెంటు పగుళ్ళలో, గరుకుల్లో చిక్కిన గింజలు కూలివాళ్ళవని మిల్లుల్లో ఎప్పటి నుంచో ఉన్న వాడుక. దాన్ని ఊడ్పు అంటారు. ఊడ్చి, చెరిగి, మన్ను తీస్తే ఒక్కొక్కరి ఒడిలో ఇంటెడు మందికి ఒక పూట గంజి. వాళ్ళు ఊడ్చి లేచి, కొంగులు దులుపుకునేసరికి దక్షిణాన మోత వినిపించేది. ప్రతిసారీ అంతే. దుర్గయ్యకు నలభై నిమిషాలంటే ఇదే.

ఆ వైశాఖం రోజు దక్షిణం నుంచి ఈదురుగాలి లేచింది. మబ్బు కమ్ముకొస్తోంది. వానకు భయపడి అందరూ చకచకా లాగారు, పట్టాలు తొందరగానే పడ్డాయి. దుర్గయ్య పెట్టిన పొగ నేలకు కరుచుకొని ఉత్తరానికి పారింది. దాన్ని అతను చూశాడు. పొగను నెట్టిన గాలి విమానాన్ని కూడా నెడుతుందని తోచలేదు.

"దుర్గన్నా, ఊడ్సుకోవాల్నా, ఉరకాల్నా?" అని అరిచింది ఏసమ్మ. మిర్యాలగూడ చర్చి వాడ మనిషి, నోరు పెద్దది.

"ఇంక టైమున్నది. ఊడ్సుకోండ్రి."

"విమానమొస్తుందంటే కొత్తల్లుడొస్తున్నట్టు చేస్తవు గదన్నా. కాళ్ళకు నీళ్ళు కూడ ఇస్తవా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. దుర్గయ్య కూడా నవ్వి, దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డాడు. గాలి పలచగా ఉన్న రోజుల్లో విమానం దక్షిణం నుంచి తిన్నగా దిగి, సగం బాటలోనే ఆగేది. ఆ రోజు విమానం మబ్బుల పైనుంచి బాటను దాటిపోయింది. గాలికి ఎదురుగా దిగడానికి చుట్టు తిరిగి ఉత్తరం నుంచి వచ్చింది. దాని మోతను గాలి వెనక్కి ఊడ్చుకుపోయింది. కుప్పలు కట్టిన చివర, బాట మధ్యలో, ఏసమ్మ వంగి ఉంది. మిగతావాళ్ళు చూసి ఉరికారు. పైలట్ చివరి క్షణంలో పైకి లాగాడు, చక్రం మాత్రం తగిలింది.

ఆమె అక్కడే పోయింది. చాటలోని గింజలు చెదరలేదు.

పై నుంచి ఒక అధికారి వచ్చి అడిగి వెళ్ళాడు. అనుమతి లేకుండా బాట మీదికి వచ్చిన మనిషి అని తేల్చారు. ఏసమ్మ భర్త రాములు ఒక్కసారే గుడిసె దగ్గరికి వచ్చాడు.

"ఆఖర్న ఏమన్నదన్నా?"

"నవ్వింది తమ్మీ. నా మీద పరాచికమాడింది."

"గట్లనే ఉంటది అది," అని రాములు వెళ్ళిపోయాడు. ఊడ్చుకొమ్మని ఎవరు చెప్పారో అతను అడగలేదు.

నెల తిరగకముందే వడ్లు మళ్ళీ పరిచారు. వచ్చే విమానాలు వస్తూనే ఉన్నాయి. ఆడవాళ్ళు మళ్ళీ ఊడ్పుకు వంగారు, మైసమ్మ వాళ్ళలోనే ఉంది. దుర్గయ్యకు ఇప్పుడు నలభై మీద నమ్మకం లేదు. దాని బదులు నమ్మడానికి ఇంకొక అంకె కూడా లేదు. మైసమ్మ వంగిన నడుము చూసినప్పుడల్లా ఆమె అవతల, బాట మీద, తెల్లటి విమానం ముక్కు కనిపించేది.

"ఫోనొచ్చినంక ఊడ్పు బంద్," అన్నాడు ఒకరోజు.

"బంద్ పెట్టి నువ్వు పోస్తవా మాకు గంజి?" అంది ఒకామె. "నీకు నెల జీతం. మాకు గీ మన్నుల గింజలు."

"విమానం పోయినంక ఊడ్సుకోండ్రి."

"దాని గాలికి గింజ మిగుల్తదా? ఊకె సెప్తవేంది?"

అది నిజం. రెక్కల గాలి బాటను నున్నగా చేసి పోతుంది. బతిమాలితే వినలేదు, తిడితే నవ్వారు. ఆఖరికి శ్రావణంలో ఒకరోజు, పని ముగిసి అందరూ బండి కోసం కూర్చున్నప్పుడు, దుర్గయ్య అబద్ధమాడాడు.

"మొన్న ఫోనొచ్చినంక సూసిన," అన్నాడు. "ఆ కొసకు ఏసమ్మ ఊడుస్తున్నది."

అందరూ అతని వైపు తిరిగారు.

"తల ఎత్తలే. పిలిస్తె పలుకలే. ఊడుస్తనే ఉన్నది. విమానం ఆమె మీదికెల్లి పోయింది. పోయినంక సూస్తె లేదు."

తన నాలుక ఇంత సులువుగా తిరుగుతుందని దుర్గయ్యకే తెలియదు. ఒకామె సిలువ గుర్తు వేసుకుంది, ఇంకొకామె మన్ను తీసి నుదుటికి రాసుకుంది. మైసమ్మ కాళ్ళకున్న పొట్టు దులుపుకుంటూ విన్నది.

అబద్ధం పని చేసింది. ఆ తరువాత ఫోను మోగితే కుప్పలు పోసి, పట్టాలు కప్పి, అందరూ కాలువ గట్టు వైపు పరుగే. వెనక్కి తిరిగి చూసేవారు కాదు. దుర్గయ్య ఒక్కడే గుడిసె ముందు పొగ పక్కన నిలబడి దక్షిణం వైపు చూసేవాడు. కుప్పలు అడ్డం ఉండటంతో ఉత్తరపు కొస అతనికి కనిపించదు. మొదటి రెండుసార్లు హాయిగా ఊపిరి పీల్చాడు.

దీపావళి తెల్లవారి ఫోను వచ్చింది. వడ్లు ఎత్తారు, ఆడవాళ్ళు వెళ్ళిపోయారు, పొగ లేచింది. మోత ఇంకా రాలేదు. వెనక, కుప్పల అవతల, ఈతచీపురు సిమెంటు మీద గీరుకున్న చప్పుడు వినిపించింది. స్, స్, స్. కాస్త ఆగి, మళ్ళీ. మధ్యలో ఆగడం కూడా మనిషి నడుము పట్టుకొని లేచినట్టే ఉంది. దుర్గయ్య మెడ తిప్పలేకపోయాడు. విమానం దక్షిణం నుంచి వచ్చి దిగి, ఆగింది. చీపురు చప్పుడు లేదు.

ఆ తరువాత దాదాపు ప్రతి ఫోనుకూ అది వినిపించేది. తాను పుట్టించిన మాట తన వెనకే చీపురు పట్టుకొని నిలబడిందని అతనికి తోచింది. తిండి తగ్గింది. పక్కన ప్రాజెక్టు స్టోరులో కాపలా ఉండే బీరయ్య చూసి, "జాన్‌పహాడ్ దర్గాకు పోయిరా," అన్నాడు. దుర్గయ్య వెళ్ళి వచ్చాడు. మైసమ్మే అతని జబ్బకు తాయెత్తు కట్టింది.

"ఏమినబడ్తది నీకు?" అని అడిగింది ముడి వేస్తూ.

"ఏం లేదు."

"ఏం లేకుంటె గింత పరేషానెందుకు?"

చలికాలమంతా అట్లాగే గడిచింది. ఎండలు ముదిరాక దుర్గయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ రోజు తప్పింది నలభై నిమిషాలా, తాను చూడటంలో తప్పిందా? అది తెలిసినవాడు ఒకడే ఉంటాడు. నల్లమిట్టలో నిలబడి "బయల్దేరింది" అని మొదట చెప్పేవాడు. బీరయ్యను తన చోట పెట్టి, మిర్యాలగూడలో బస్సెక్కాడు.

కోదాడలో బస్సు మారాలి. టీకొట్టు అతను గ్లాసు ఇస్తూ ఎక్కడికని అడిగితే, విమానాలు దిగే చోటికని చెప్పాడు.

"విమానం దిగే చోటికి బస్సులో పోతన్నావా? టిక్కెట్టు దొరకలేదా ఏంది?" అని అతను పకపకా నవ్వాడు.

బెజవాడలో చీకటి పడింది. గుంటూరు దాటాక సీటు లేక తలుపు దగ్గర కూర్చున్నాడు. మరునాడు పొద్దున ఎర్రమట్టి దారిలో మూడు మైళ్ళు నడిచాడు. నల్లమిట్ట వచ్చింది. అదే సిమెంటు, అదే గుడిసె, గోడకు అదే నల్లడబ్బా. ఒక్క వడ్లే లేవు. గడ్డం నెరిసిన మనిషి ఒకడు మంచం మీద నుంచి లేచాడు. పేరు ఫకీరా.

"హాలియా వైపు మనిషినన్నా. ఆడ ఫోను ఎత్తేది నేనే."

ఫకీరా అతణ్ణి పైకీ కిందికీ చూసి, చెయ్యి పట్టుకొని మంచం మీద కూర్చోబెట్టాడు. "పదేళ్ళయ్యా! నీ మొహం చూడ్డానికి పదేళ్ళు పట్టింది."

మంచినీళ్ళు తాగాక దుర్గయ్య అడిగాడు. "బయల్దేరిందని నువ్వెప్పుడు సెప్తవ్? నేల ఇడిసినంకనా, ఇడువకముందా?"

"ఒక్కో మాటు తలుపు మూయగానే చెప్తా. ఒక్కో మాటు అది లేచి కొండ దాటాక, తీరిగ్గా చెప్తా. నేను చెప్పేది ఇక్కడి ఆఫీసుకి. ఆయన తీగె మీద మీ ఆఫీసుకి చెప్పాలి. మీ గుమాస్తా నీకు చెప్పాలి. మధ్యలో ఎవడు బీడీకి పోయినా అంతే సంగతి."

"పోయిన వైశాఖంల, ఈదురుగాలి నాడు?"

ఫకీరా కళ్ళు దించుకున్నాడు. ఆ సంగతి ఇక్కడికీ చేరింది. "ఆ రోజు మా ఆఫీసు గుమాస్తా అన్నానికి పోయాడు. నేను పోయి లేపుకొచ్చేసరికి విమానం కనుమరుగై చాలాసేపైంది. ఎంతసేపో నాకేం తెలుసు? నాకూ గడియారం లేదు."

"మరి నాకు సెప్పద్దా?"

"నువ్వెప్పుడన్నా అడిగావా?"

దుర్గయ్య ఖాళీ చెంబు కింద పెట్టాడు. అప్పుడు ఫకీరా అన్నాడు, "నన్ను కూడా ఒకటి అడగనివ్వు. నేనిక్కడి నుంచి ఇన్నేళ్ళుగా పంపిస్తన్నా. ఒక్కటి చేరిందని నాకెవ్వడూ చెప్పలా. రాత్రి పడుకుంటే అవన్నీ ఇంకా పైన్నే తిరుగుతున్నట్టుంటది. చేరినయ్యా?"

"సేరినయ్," అన్నాడు దుర్గయ్య. "అన్ని సేరినయ్."

మధ్యాహ్నం విమానం ఖాళీగా పోతోందని, ఫకీరా పైలట్‌ను బతిమాలి దుర్గయ్యను ఎక్కించాడు. కొత్త పైలట్, కుర్ర వయసు. దుర్గయ్య అతని వెనక సీట్లో కూర్చొని కడ్డీ పట్టుకున్నాడు.

"భయపడకు పెద్దాయనా. వెనక గాలి జోరుగా ఉంది. అరగంటలో దింపేస్తా."

దుర్గయ్య కడ్డీ వదిలి ముందుకు వంగాడు. "దక్షిణపు గాలా?"

"అవును."

"అయ్యా, జర ఆగుండ్రి. ఆడ నలభై అనుకుంటరు. ఆడ ఆడోళ్ళుంటరు."

ఇంజను మోతలో అతని మాట పైలట్‌కు వినిపించలేదు. విమానం కదిలింది. కిటికీలోంచి చూస్తే ఫకీరా ఇంకా బాట పక్కనే నిలబడి, చిన్నపిల్లాడిలా చెయ్యి ఊపుతున్నాడు. ఫోను దగ్గరికి పోలేదు.

దుర్గయ్య కొండలు చూడలేదు. కృష్ణ కింద సన్నటి రాగి తీగెలా పోతే ఒక్కసారి చూసి మళ్ళీ ముందుకే చూశాడు. ఇప్పుడు ఫోను మోగి ఉంటుంది. లేదు, ఇంకా మోగలేదేమో. బీరయ్య కేక వేశాడా? కుప్పలు పోశారా? మనిషి తాను పైన ఉండి, కింద తన వాళ్ళ మీదికి తానే పోతున్నాడు. వాళ్ళకు చెప్పే దారి లేదు.

బాట కనిపించింది. అంచున పట్టాలు కప్పిన కుప్పలు వరుసగా ఉన్నాయి. వడ్లు ఎత్తేశారు. బీరయ్య పెట్టిన పొగ నేలకు కరుచుకొని ఉత్తరానికి పారుతోంది. పైలట్ దాన్ని చూసి బాట దాటి, చుట్టు తిరిగి ఉత్తరం నుంచి దించసాగాడు. నేల పైకి లేచి వస్తోంది.

ఉత్తరపు కొసన, బాట మధ్యలో, ఒక ఆడమనిషి వంగి ఊడుస్తోంది.

"ఏసమ్మ!" అని అరిచి దుర్గయ్య పైలట్ భుజం మీద పడ్డాడు. "మనిషి! మనిషున్నది!"

ఆ మనిషి ఎవరని పైలట్ అడగలేదు. రెండు చేతులతో లాగాడు. విమానం ముక్కు ఎత్తి, ఒళ్ళంతా వణుకుతూ పైకి లేచింది. కింద చీపురు ఎగిరిపోవడం దుర్గయ్య కళ్ళారా చూశాడు. మరొక చుట్టు తిరిగి వచ్చేసరికి బాట ఖాళీగా ఉంది.

దిగి, ఉత్తరపు కొసకు ఉరికాడు. కుప్ప వెనక, పట్టా అంచున, మైసమ్మ కూర్చొని ఉంది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, చాట పక్కన పడి ఉంది. భర్త విమానంలోంచి దిగడం చూసి ఆమె నోరు తెరిచింది.

"నువ్వు గాలిలకెప్పుడు పోయినవయ్యా?"

"నువ్వా ఊడిసింది?"

"నేను గాకుంటె ఎవరు?"

"ఎన్నాళ్ళ సంది?"

"శానా దినాలైంది. కార్తీకం సంది."

"ఏసమ్మ తిరుగుతున్నదని సెప్పిన గదనే!"

"నువ్వు అబద్ధమాడితె కండువ సవరిస్తవు. ఇన్నేండ్ల సంది సూస్తలేనా?" కొంగుతో మోకాలు అద్దుకుంటూ అంది. "వాళ్ళందరు నమ్మి ఉరికిండ్రు. ఆళ్ళు నేను నీ దగ్గరున్ననుకుంటరు, నువ్వు ఆళ్ళ దగ్గరున్ననుకుంటవు. పన్నెండు మంది ఊడ్పు నా ఒక్కదానికే. ఎట్ల ఇడుస్త సెప్పు?"

దుర్గయ్య సిమెంటు మీద చతికిలబడ్డాడు. ఎవరినైతే బాట మీది నుంచి తప్పించాలని ఆ మాట పుట్టించాడో, ఆ మాటే ఆమెను ఒంటరిగా అక్కడ నిలబెట్టింది. చలికాలమంతా తన వెనక వినిపించిన చీపురు పెళ్ళాం చేతిలోది. ఒక్కసారి మెడ తిప్పి నాలుగడుగులు వేసి ఉంటే తెలిసేది. ఏడుపో నవ్వో తెలియని చప్పుడు ఒకటి అతని గొంతులోంచి వచ్చింది.

"దీపావళి తెల్లారి విన్ననే మొదటిసారి," అన్నాడు. "పానం పోయినంత పనైంది. అది నువ్వేనా!"

మైసమ్మ చెయ్యి మోకాలి మీదే ఆగింది.

"దీపావళికి నేనేడున్నయ్యా?" అంది. "సూర్యాపేటల మా అక్క కాన్పుకు పోలే? దసరాకు పోయి, కార్తీక పున్నానికి గదా వచ్చింది."

నిజమే. ఆ రోజుల్లో అతను తన సద్ది తానే వండుకున్నాడు. ఇద్దరూ బాట మధ్యకు చూశారు. గాలి పొట్టును లేపి ఉత్తరానికి తీసుకుపోతోంది. మైసమ్మ లేచింది. ఒలికిన గింజలు ఎత్తుకోలేదు, చీపురు ఎక్కడ పడిందో వెతకలేదు.

ఆ నెలాఖరుకు దుర్గయ్య ఉద్యోగం వదిలేశాడు. ఇద్దరూ సామాను బండిలో వేసుకొని సూర్యాపేట చేరారు. అక్కడ ఒక పల్లీల గోదాములో అతనికి కాపలా పని దొరికింది. నల్లమిట్ట నుంచి విమానాలు ఇంకో రెండేళ్ళు వచ్చాయి. ఫోను బీరయ్య ఎత్తాడు.